నీళ్ల మీద నలుగురు, గట్టు మీద పదకొండుమంది

శనివారం పొద్దున కాఫీ తాగుతూ రాధాకృష్ణ వేసిన ప్లానులో ఉన్నది నలుగురు మనుషులు, ఒక తెరచాప పడవ, ఏడు రోజులు. నలుగురంటే తను, భార్య సుమతి, స్నేహితుడు భాస్కర్, అతని భార్య విజయశ్రీ. జూన్ రెండో వారంలో ఓరియంటల్ అనే రేవు ఊళ్లో పడవెక్కి, నది వెంట కిందికి పోయి, పామ్లికో అనే ఉప్పునీటి సరస్సు దాటి, ఓక్రకోక్ దీవి చూసి వెనక్కి రావాలి. అది 1985. నార్త్ కరొలైనాలో వాళ్లుండే క్యారీ ఊళ్లో తెలుగు కుటుంబాలు పాతికకి మించి లేవు. అందరి ఫోన్ నంబర్లూ అందరి ఫ్రిజ్ తలుపుల మీదా ఉండేవి. ఒకరింట్లో పోపు మాడితే రెండో ఇంటి నుంచి పరామర్శ వచ్చే రోజులు.

ఈ పడవ పిచ్చి అతనికి పట్టడానికి కారణం భాస్కరే. అంతకుముందు ఏడాది రాధాకృష్ణ ఆఫీసులోని ఒక అమెరికన్ మిత్రుడు యుగోస్లావియా వెళ్లి, ఏడ్రియాటిక్ సముద్రతీరం వెంట వారం రోజులు తెరచాప పడవలో తిరిగొచ్చి, ఇద్దర్నీ ఇంటికి పిలిచి గోడ మీద రెండువందల స్లైడ్లు చూపించాడు. చివరి స్లైడు అయ్యాక భాస్కర్ నిట్టూర్చి, "ఇలా ఒక్క వారం తిరిగితే చాలురా, జన్మ ధన్యం" అన్నాడు. ఆ మాట రాధాకృష్ణ మనసులో మేకులా దిగింది. భాస్కర్ గ్రీన్‌కార్డు ప్రాసెస్‌లో ఉంది కాబట్టి దేశం దాటకూడదు, ఏడ్రియాటిక్ కుదరదు. పోనీ, మన రాష్ట్రంలోనూ సముద్రం ఉంది కదా అనుకుని, ఎనిమిది నెలలు ప్రతి ఆదివారం చెరువు మీద పడవ నడపడం నేర్చుకున్నాడు. చలికాలంలో రెండుసార్లు నీళ్లలో పడ్డాడు కూడా.

ఇంతలో, ఆ శనివారానికి రెండు వారాల ముందు, భాస్కర్ ఇంకో కబురు చెప్పాడు. టెక్సాస్‌లోని ఇర్వింగ్‌లో మంచి ఉద్యోగం వచ్చిందట, ఆగస్టులో చేరాలట. పదకొండేళ్ల కిందట అతనూ రాధాకృష్ణా ఒకే గదిలో అద్దెకుండి చదువుకున్నారు. అప్పుడు ఇద్దరికీ కలిపి రివర్స్ గేరు లేని కారు ఒకటుండేది. దాన్ని వెనక్కి తియ్యాలంటే ఒకడు స్టీరింగ్ పట్టుకోవాలి, రెండోవాడు దిగి తొయ్యాలి. అలాంటి మనిషిని "వెళ్లొద్దురా" అనాలనిపించింది రాధాకృష్ణకి. తను పనిచేసే మందుల కంపెనీలోనే వాడి చదువుకి సరిపడే ఉద్యోగం ఒకటి ఖాళీగా ఉంది కూడా. కానీ పై మెట్టు ఎక్కేవాణ్ణి కాలు పట్టి లాగితే స్నేహం ఎలా అవుతుంది? అందుకని "కంగ్రాచ్యులేషన్స్" అన్నాడు. మర్నాడు ఆఫీసు నుంచి సామాను సర్దుకోవడానికి ఖాళీ అట్టపెట్టెలు పదిహేను తెచ్చిచ్చాడు. ఆ రాత్రి నిద్ర పట్టలేదు. పడవ మీద, నలుగురే ఉన్న చోట, ఏదో ఒక సాయంత్రం ఆ మాట మెల్లగా అడగాలని అప్పుడే నిశ్చయించుకున్నాడు. వారం రోజుల ప్రయాణంలో అతనికి కావలసింది ఆ పది నిమిషాలే.

ప్లాను ప్రకారం ఆ శనివారం చేయాల్సిన పని ఒకటే, అటుకులు కొనడం. పడవలో వంట తక్కువ కదా. పక్క ఊరు రాలీలో భీమశంకర్ కిరాణా కొట్టుకి వెళ్లాడు. భీమశంకర్ కరీంనగర్ మనిషి, యాభై ఏళ్లుంటాయి. కొట్టూ ఆయనదే, తెలుగు సంఘం అధ్యక్ష పదవీ ఆయనదే.

"ఏందయ్యా, గిన్ని అటుకులు? ఇంట్ల పెండ్లా?"

"లేదన్నా. జూన్‌లో ఒక వారం సెయిలింగ్‌కి వెళ్తున్నాం. పడవ బుక్ చేశాను."

అక్కడితో ఆగొచ్చు. కానీ మనవాళ్లలో ప్రయాణం సంగతి చెప్పాక ఒక మాట అనాలి. అనకపోతే ఆ చెప్పడం గొప్పకోసమే అవుతుంది. రాధాకృష్ణ పెద్దల చేత మంచి పెంపకం అనిపించుకున్నవాడు.

"మీరు కూడా వస్తే ఎంత బాగుండేదో అన్నా."

దీనికి అవతలివాళ్లు చెప్పాల్సిన జవాబు కూడా మనలో స్థిరపడే ఉంది. "కొట్టు వదిలి ఎక్కడొస్తానయ్యా, మీరు హాయిగా వెళ్లి రండి" అనాలి. భీమశంకర్ మాత్రం అటుకుల సంచీ పక్కన పెట్టి, కళ్లద్దాలు తీసి తుడుచుకున్నాడు.

"పన్నెండేండ్ల సంది గీ దేశంల ఉన్న. అందరు నా కాడ పప్పులు గొంటరు, పైసలిస్తరు, పోతరు. గిట్ల ఎవ్వరు పిలువలే. వస్తమయ్యా. రత్నం వస్తది, బిడ్డ వస్తది, అమ్మ సుత వస్తది."

ఇంటికొచ్చి చెబితే సుమతి చేస్తున్న పని ఆపేసింది.

"పడవలో పడకలెన్ని?"

"నాలుగు."

"ఆ సంగతి ఆయనకి చెప్పారా?"

"ముందు పడకల లెక్క చెప్పి తరవాత రమ్మంటే అది పిలుపెలా అవుతుంది?"

"అయితే ఇప్పుడు ఫోన్ చేసి చెప్పండి."

చెప్పడానికే ఫోన్ చేశాడు. కానీ రావద్దని నోరు తెరిచి ఎలా చెబుతాం? వాళ్లంతట వాళ్లే మానుకునేలా చేయడం పెద్దమనిషి తరహా. తుఫాన్లు వస్తాయన్నాడు. షార్కులుంటాయన్నాడు. తినడానికి ఏమీ దొరకదన్నాడు. భీమశంకర్ అంతా ఓపిగ్గా విన్నాడు. చివరికి గంభీరంగా, "గంత ప్రమాదమున్న కాడికి మిమ్ముల నలుగురినే ఎట్ల పంపుతమయ్యా?" అన్నాడు.

అప్పటినుంచి రాధాకృష్ణ వేసిన మందల్లా రోగాన్ని పెంచింది. భీమశంకర్ కొట్లో షార్కుల మాట విని డాక్టర్ జగన్మోహన్ భార్యనీ మందుల పెట్టెనీ వెంటబెట్టుకుని బయల్దేరాడు. తిండి దొరకదన్న మాటకి మూడిళ్లలో పులిహోర పులుసు తయారైంది. తుఫాన్ల మాటకి సంఘం కోశాధికారి వెంకట రమణ రెండు టెంట్లు, యాభై గజాల తాడు, తన భార్య, అత్తగారు, బావమరిది దంపతులతో సహా సిద్ధమయ్యాడు. ఎవరూ సరదాకని అనలేదు. అందరూ రాధాకృష్ణకి తోడుగానే వస్తున్నారు. మే నెలాఖరుకి లెక్క పదకొండు తేలింది. నోరు మంచిదైతే ఊరు మంచిదవుతుందంటారు గానీ, ఊరంతా వెంట వస్తుందని ఎవరూ చెప్పలేదు.

అడుసు తొక్కనేల కాలు కడగనేల అని సుమతి రోజుకోసారి గుర్తు చేసింది. చివరికి పడవ యజమాని హోలిస్ రూపంలో ఒక దారి కనిపించింది. పడవలో ఆరుగురికి మించి ఎక్కకూడదని ఆయన ఫోన్లో కచ్చితంగా చెప్పాడు. రాధాకృష్ణ పైకి విచారంగా, లోపల గంతులు వేస్తూ భీమశంకర్‌కి ఆ కబురు అందించాడు.

"గంతేనా?" అన్నాడు భీమశంకర్. "మీరు నీళ్ల మీద రాండ్రి. మేం రోడ్డు మీద వస్తం. దీవికి కార్లెక్కే ఫెర్రీ ఉన్నదట, మ్యాపు జూసిన."

అలా జూన్‌లో ఒక ఆదివారం ఓరియంటల్ రేవులో ఒక పడవ, మూడు స్టేషన్ వ్యాగన్ కార్లు కలిసి బయల్దేరాయి. బయల్దేరేముందు హోలిస్ రాధాకృష్ణని పక్కకి పిలిచి ఒక్కటే చెప్పాడు. ఈ నీళ్లు చూడ్డానికి సముద్రంలా ఉంటాయి గానీ చాలాచోట్ల మోకాలి లోతే. నీళ్లలో పాతిన ఎర్ర గుర్తులకీ పచ్చ గుర్తులకీ మధ్య ఉన్న దారి విడిచి, ఎవరు పిలిచినా పక్కకి పోవద్దన్నాడు. రాధాకృష్ణ తలూపాడు. ఆ తలూపుతున్న సమయంలోనే భీమశంకర్ తల్లి శేషమ్మ, డెబ్బై ఏళ్ల మనిషి, చీర కుచ్చిళ్లు ఎత్తిపట్టుకుని పడవలోకి దిగి కూర్చుంది.

"కారుల మోకాళ్లు పట్టుకుంటున్నయ్ బిడ్డా. ఈడ కాళ్లు సాపుకోవచ్చు" అంది. ఆమెని దిగమనడం ఎవరికీ చేతకాలేదు.

మొదటి రెండు రోజులూ నది మీద గాలి బాగుంది. పడవ బాగుంది. రాధాకృష్ణ నేర్చుకున్న విద్యకి విజయశ్రీ, సుమతి ఇద్దరూ చప్పట్లు కొట్టారు. భాస్కర్ మాత్రం తెరచాప కొయ్యని రెండు చేతులా వాటేసుకుని, కళ్లు సగం మూసుకుని కూర్చున్నాడు. అది ఆనందంలో మునిగిపోవడమని రాధాకృష్ణ అనుకున్నాడు. "ఎలా ఉందిరా?" అంటే, "అద్భుతం" అని పళ్ల సందుల్లోంచి జవాబొచ్చేది. మాట కదుపుదామని దగ్గరికెళ్తే, "నాయనా, గీ పడవల టీ దొరకదా?" అని శేషమ్మ అడిగేది. సాయంత్రం ఒడ్డు చేరేసరికి అక్కడ దుప్పట్లు పరిచి, ఆకులు వేసి, పదిమంది ఎదురుచూస్తూ ఉండేవారు. వడ్డన, పేకాట, సంఘం ఎన్నికల చర్చ. పది నిమిషాలు కాదు గదా, పది సెకన్లు కూడా దొరకలేదు.

మూడో రోజు మధ్యాహ్నం ఓక్రకోక్ దీవి కనిపించింది. గుర్తుల మధ్య దారి వెంటే ఇంకో గంట పోతే రేవు వస్తుంది. కానీ ఫెర్రీ మీద ముందే చేరిన పదిమందీ దీవి పక్కన ఇసుక మీద నిలబడి, ఎర్ర తుండుగుడ్డలు ఊపుతున్నారు. భీమశంకర్ చేతిలో ఉగాది పిక్నిక్‌లో ఆటలపోటీల కోసం కొన్న బ్యాటరీ మైకుంది.

"రాధాకృష్ణా, ఇటు రాండ్రి. సాంబారు సల్లారుతున్నది."

అతను చెయ్యి ఊపి, రేవుకొస్తామని సైగ చేశాడు.

"రత్నం పొద్దుగాల్నుంచి పొయ్యి కాడ్నే ఉన్నది. నువ్వు తినకుంటె ఎవ్వరు తినరట."

రాధాకృష్ణ గుర్తుల వైపు చూశాడు. ఇసుక వైపు చూశాడు. రత్నం వదిన గరిటె పట్టుకుని నిలబడ్డ తీరు అంత దూరం నుంచే తెలుస్తోంది. ఇంకొంచెం దగ్గరికెళ్లి, అక్కడినుంచి నచ్చజెప్పి తిరిగొద్దామనుకుని చుక్కాని తిప్పాడు. నాలుగు నిమిషాల తరవాత పడవ అడుగున బరబరమని చప్పుడైంది. తెరచాప నిండా గాలి ఉంది, పడవ మాత్రం కదలడం లేదు.

శేషమ్మ వక్కపొడి నములుతూ అడిగింది. "దారి ఇడిసి గీడికెందుకు దెచ్చినవ్?"

"భోజనానికి పిలిచారు కదమ్మా."

"వద్దనాలె."

"ఎలా అంటాం?"

"నోటితోని."

ఒడ్డున ఉన్నవాళ్లు పరిస్థితి గ్రహించారు. ఆపదలో ఉన్నవాణ్ణి ఆకలితో ఉంచడం తప్పు కాబట్టి, గిన్నెలు నెత్తిన పెట్టుకుని వరసగా నీళ్లలోకి దిగారు. ముందు భీమశంకర్ మైకుతో, వెనక రత్నం సాంబారుతో, ఆ వెనక డాక్టరు మందుల పెట్టెతో. నడుము లోతు నీళ్లలో పావు మైలు నడక. గట్టు మీది ఇళ్లలో ఎవరో కిటికీలోంచి ఈ ఊరేగింపు చూసి తీర రక్షక దళానికి ఫోన్ చేశారు. ఆ రోజుల్లో ఎక్కడెక్కడి జనమో ప్రాణాలు అరచేత పట్టుకుని పడవల్లో అమెరికా తీరం చేరుతున్నారని పేపర్లలో వస్తుండేది. పావుగంటలో కోస్ట్‌గార్డ్ మోటారు బోటు వచ్చి, లోతున్న చోట ఆగింది.

అందులోని ఆఫీసరుకి వచ్చిన చిక్కేమిటంటే, ఈ జనం పడవలోంచి దేశంలోకి దిగడం లేదు. దేశంలోంచి పడవలోకి ఎక్కుతున్నారు. అమెరికా వదిలి పారిపోయేవాళ్లని ఆయన తన సర్వీసులో ఎప్పుడూ చూసి ఉండడు. ఆయన ఆ దీవి యాసలో గట్టిగా ఏదో అడిగాడు. పెద్దవాళ్లెవరికీ అర్థం కాలేదు. భీమశంకర్ కూతురు, పదేళ్ల శాంతి, అర్థం చెప్పింది.

"అంకుల్, మనం ఏ కంట్రీకి ఎస్కేప్ అవుతున్నాం అని అడుగుతున్నాడు."

"లంచ్‌కని చెప్పమ్మా" అన్నాడు రాధాకృష్ణ నీరసంగా.

ఆఫీసరు టోపీ తీసి తల గోక్కున్నాడు. తరవాత పడవనీ నీళ్లనీ చూసి, శాంతి ద్వారా ఒక ఉపాయం చెప్పాడు. పడవ ఒక పక్కకి బాగా ఒరిగితే అడుగు ఇసుక లోంచి లేస్తుంది. అలా ఒరగాలంటే బోలెడంత బరువు కావాలి. మామూలుగా ఇలాంటి చిక్కులో పడేవాళ్లు ముగ్గురో నలుగురో ఉంటారు, వాళ్ల బరువు చాలదు. మీరు అదృష్టవంతులు అన్నాడాయన, పదిమందినీ తేరిపార చూస్తూ.

అందరూ ఎక్కారు. కుడి అంచు మీద వరసగా కూర్చున్నారు. సాంబారు గిన్నె కూడా ఎక్కింది. ఆఫీసరు తన బోటు నుంచి తాడు విసిరాడు. వెనక నుంచి తొయ్యడానికి ఇద్దరు దిగాలన్నాడు. రాధాకృష్ణ దిగాడు. రివర్స్ గేరు లేని కారు నాటి అలవాటు కొద్దీ, ఏమీ ఆలోచించకుండానే భాస్కర్ కూడా దిగాడు. "వన్, టూ, త్రీ" అని మైకులో వినిపించింది. పడవ ఒరిగింది, ఇసుక వదిలింది, మోటారు బోటు వెంట చకచకా లోతు నీళ్లలోకి పోయింది. దాని మీద పదమూడుమంది కేకలు వేసి చప్పట్లు కొట్టారు. చాలా దూరం వెళ్లాక గానీ ఇద్దరు తక్కువయ్యారని ఎవరికీ తట్టలేదు.

"రేవుల మమ్ముల దించి, చిన్న పడవ పంపుతరంట. అరగంట పడ్తది" అని మైకు దూరం నుంచి పలికింది. "ఆడనే ఉండుండ్రి. యాడికి పోకుండ్రి."

చుట్టూ నీళ్లు. పైన ఎండ. నడుము లోతులో ఇద్దరు మనుషులు. కాగల కార్యం గంధర్వులే తీర్చినట్టు, మూడు రోజులుగా వెతుకుతున్న ఏకాంతం రాధాకృష్ణకి దొరికింది.

"నీకో మాట చెప్పాలిరా" అన్నాడు.

"నేనూ నీకో మాట చెప్పాలి" అన్నాడు భాస్కర్.

"అయితే నువ్వు చెప్పు."

"ఫరవాలేదు, ముందు నువ్వే చెప్పు."

ఇలా ఒక అయిదు నిమిషాలు గడిచాయి. ఇంతలో భాస్కర్ కాలికి పీతో చేపో తగిలింది. అతను ఒక్క ఉదుటున రాధాకృష్ణ భుజాలు పట్టుకుని వేలాడాడు.

"నాకు నీళ్లంటే చచ్చే భయంరా."

రాధాకృష్ణ ఆ బరువుకి తూలి, సర్దుకుని నిలబడ్డాడు. "మరి ఆ స్లైడ్లు చూసి జన్మ ధన్యమన్నావు?"

"పాపం, రెండువందలు చూపించాడు. కాఫీ ఇచ్చాడు. ఏదో ఒకటి అనాలి కదా."

"నేను పడవ బుక్ చేశానన్నప్పుడన్నా చెప్పొచ్చు కదరా."

"ఎనిమిది నెలలు చలిలో నేర్చుకున్నావు. నా కోసమే నేర్చుకున్నావని సుమతి చెప్పింది. రానని ఎలా అంటాను?"

"నోటితో" అన్నాడు రాధాకృష్ణ.

అన్నాక, ఆ మాట తనకే తగిలింది. ఇంక ఆగలేదు. గుక్క తిప్పుకోకుండా చెప్పేశాడు. "ఇర్వింగ్ వెళ్లకురా. నువ్వు వెళ్తే నాకు ఇక్కడ ఏమీ తోచదు. మా ఆఫీసులో నీకు సరిపోయే ఉద్యోగం ఉంది, మా బాస్‌తో మాట్లాడి ఉంచాను. జీతం కాస్త తక్కువ. వెళ్లకు."

భాస్కర్ భుజాలు వదిలి, నీళ్లలో నిలదొక్కుకున్నాడు. మొహం తిప్పుకుని దూరంగా దీవి వైపు చూశాడు.

"ఇర్వింగ్ ఉద్యోగం సంగతి నీకు చెప్పిందే నువ్వేమంటావో చూద్దామని. ఒక్కసారి వద్దంటావేమోనని చూశాను. కంగ్రాచ్యులేషన్స్ అన్నావు. పదిహేను అట్టపెట్టెలు మోసుకొచ్చావు. అంత శ్రమపడి తెస్తే, వెళ్లాలని లేదని ఎలా చెప్పను? సర్దడం మొదలుపెట్టాను."

"సంతకం చేశావా?"

"లేదు. మూడుసార్లు గడువు పెంచమన్నాను. ఈ శుక్రవారం ఆఖరు." అతను రాధాకృష్ణ వైపు తిరిగాడు. "రావద్దనుకున్నవాళ్లని పదకొండుమందిని రమ్మన్నావు. ఉండమనాల్సినవాణ్ణి ఒక్కణ్ణి ఉండమనలేదు. ఏం మనిషివిరా నువ్వు?"

రాధాకృష్ణకి నవ్వొచ్చింది, కళ్లలో నీళ్లూ వచ్చాయి. ఉప్పునీళ్లలో నిలబడ్డ మనిషికి అదొక సౌకర్యం, ఏవి ఎక్కడివో తేల్చక్కర్లేదు. చిన్న పడవ వచ్చేసరికి ఇద్దరూ మొలలోతు నీళ్లలో నిలబడి, ఒకరి వీపు ఒకరు చరుచుకుంటూ నవ్వుతున్నారు. ఎండదెబ్బ తగిలిందనుకుని, పడవ నడిపేవాడు ముందు ఇద్దరికీ మంచినీళ్లు పట్టాడు.

మిగిలిన రోజులు భాస్కర్ గట్టు మీద రెండో వ్యాగన్‌లో ప్రయాణం చేశాడు. అతని చోట శాంతి పడవెక్కింది. చుక్కాని ఎక్కువసేపు శేషమ్మే పట్టుకుంది. ఒడ్డు మీంచి ఎవరు ఎంత పిలిచినా ఆమె చెయ్యి చలించలేదు, పడవ మళ్లీ ఇసుకెక్కలేదు. సుమతి, విజయశ్రీ ఇలాంటి ప్రయాణం ఏటా చేయాలని తీర్మానించారు.

అయితే అవన్నీ తరవాతి సంగతులు. ఆ మంగళవారం మధ్యాహ్నం రేవులో తడిబట్టలతో దిగగానే భాస్కర్ పబ్లిక్ ఫోన్ దగ్గరికి నడిచాడు. ఉద్యోగానికి రావడం లేదని ఇర్వింగ్ వాళ్లకి ఇప్పుడే, నోటితోనే చెప్పేస్తానన్నాడు. రాధాకృష్ణ పక్కన నిలబడి ధైర్యంగా క్వార్టర్ నాణేలు అందించాడు. నలభై నిమిషాలు గడిచేసరికి, సంభాషణ ఇర్వింగ్‌లో ఆ వారం ఎండలు ఎక్కువగా ఉన్నాయనే దాకా వచ్చింది, రానన్న మాట దాకా ఇంకా రాలేదు.